పరీక్షకు అందని మరణాలు



మాకు చదువు చెప్పిన మాస్టారి పేరు మీద ఈ సభలో ఉపన్యాసం ఇవ్వమని కమిటీవారు అడిగినప్పుడు విషయం కోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. సామాజిక వైద్యం బోధించినన్నాళ్లూ ఆయన పట్టుబట్టి చెప్పింది ఒక్కటే. ఒక ఊరి ఆరోగ్యం తెలియాలంటే ముందు ఆ ఊరి చావుల రిజిస్టరు చూడాలి అనేవారు. కొవిడ్ మహమ్మారి వచ్చి వెళ్లాక ఆ మాట విలువ దేశం మొత్తానికీ తెలిసివచ్చింది. పరీక్షలు తక్కువగా జరిగినచోట మహమ్మారి తీసుకున్న ప్రాణాల లెక్క ఎలా మరుగున పడుతుందో, దాన్ని మళ్లీ ఎలా వెలికి తీయవచ్చో ఇవాళ మీతో పంచుకుంటాను.

ముందు అంకెలు చూద్దాం. 2022 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అంచనా ప్రకటించింది. 2020, 2021 సంవత్సరాల్లో కొవిడ్ వల్ల నేరుగానో, దాని పర్యవసానంగానో ప్రపంచంలో సుమారు 1 కోటి 49 లక్షల మంది, మామూలుగా పోయేవారికన్నా అదనంగా, చనిపోయారని ఆ అంచనా. ఆ రెండేళ్లకు దేశాలన్నీ కలిసి చూపించిన కొవిడ్ మరణాలు 54 లక్షలు. మన దేశానికి ఆ సంస్థ వేసిన అంచనా 47 లక్షలైతే, మన అధికారిక లెక్క 4 లక్షల 81 వేలు. కేంద్ర ప్రభుత్వం ఈ అంచనాను ఒప్పుకోలేదు. మన దగ్గర జనన మరణాల నమోదు వ్యవస్థ ఉండగా గణిత నమూనాలతో లెక్క కట్టడం ఏమిటని అడిగింది. అడగదగిన ప్రశ్నే. ఆ 47 లక్షల అంకె కచ్చితమని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయితే అదే ఏడాది జనవరిలో పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం వేరే పద్ధతిలో, దేశవ్యాప్త సర్వేను, ప్రభుత్వ సమాచారాన్నే ఆధారం చేసుకుని, 2020 జూన్ నుంచి 2021 జులై దాకా 32 లక్షల మంది కొవిడ్‌తో చనిపోయి ఉంటారని సైన్స్ పత్రికలో ప్రచురించింది. 2021 సెప్టెంబరు నాటికి చూస్తే మొత్తం మరణాలు అధికారిక లెక్కకు ఆరేడు రెట్లని తేల్చింది. ఈ అంచనాల మధ్య తేడా పెద్దదే అయినా, అధికారిక లెక్క బాగా తక్కువన్న విషయంలో మాత్రం తేడా లేదు.

ఇక ప్రభుత్వం ప్రస్తావించిన ఆ నమోదు వ్యవస్థ ఏం చెప్పిందో చూద్దాం. 2019లో దేశంలో నమోదైన మరణాలు 76 లక్షల పైచిలుకు. 2020లో 81 లక్షలు. 2021లో ఒక కోటీ రెండు లక్షలు. ఒక్క ఏడాదిలో ఇరవై లక్షలకు పైగా పెరిగాయి. ఆ 2021లో దేశం అధికారికంగా చూపిన కొవిడ్ మరణాలు మూడు లక్షల ముప్పై వేల దగ్గర ఆగాయి. ఈ పెరుగుదలలో కొంత నమోదు మెరుగుపడడం వల్ల, కొంత జనాభా పెరగడం వల్ల వచ్చి ఉండవచ్చు. ఇరవై లక్షలూ అలా వచ్చాయంటే మాత్రం నమ్మడం కష్టం. పైగా ఈ 2021 లెక్క జనం ముందుకు వచ్చింది 2025 మేలో.

మరి ఇంతమంది కొవిడ్ లెక్కలోకి ఎందుకు రాలేదు? ఎవరో ఒకచోట కూర్చుని అంకెలు కొట్టేశారని అనుకుంటే సమాధానం సులువైపోతుంది గానీ, అసలు జరిగింది అర్థం కాదు. లోపం లెక్కించే పద్ధతిలోనే ఉంది. వైరస్ ఉందని ల్యాబు రాసిస్తేనే కొవిడ్ కేసు. అలా కేసుగా నమోదైన మనిషి చనిపోతేనే కొవిడ్ మరణం. అంటే మరణానికి ముందు పరీక్ష జరగాలి, అది సరైన రోజున జరగాలి, పాజిటివ్ రావాలి, ఆ ఫలితం మనిషి ఉన్న ఆసుపత్రికి చేరాలి, అక్కడి డాక్టరు దాన్ని మరణ కారణంగా రాయాలి. వీటిలో ఏ ఒక్కటి జరగకపోయినా ఆ మరణం లెక్కలోంచి జారిపోతుంది. వానమాపకం లేని ఊళ్లో వాన పడలేదని రాసుకున్నట్టు ఉంటుంది.

2020 మొదట్లో మన దేశంలో ఈ పరీక్ష పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో మాత్రమే జరిగేది. మార్చి మూడోవారం దాకా విదేశాల నుంచి వచ్చి లక్షణాలు కనిపించినవారికి, వారిని దగ్గరగా కలిసినవారికే పరీక్ష. తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో ఆసుపత్రుల్లో చేరినవారందరినీ చేర్చింది మార్చి 20న. అంతకుముందు న్యుమోనియాతో చనిపోయిన మనిషికి పాస్‌పోర్టు గానీ, అలా విదేశాల నుంచి వచ్చినవారితో పరిచయం గానీ లేకపోతే, నిబంధన ప్రకారమే, అతనిది కొవిడ్ అయ్యే అవకాశం లేదు.

తరవాత ల్యాబులు వందల్లో వచ్చాయి. అప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడింది. వైరస్ విజృంభించినంత వేగంగా పరీక్షల సామర్థ్యం పెరగదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో శాంపిల్ ఇస్తే ఫలితం రావడానికి రోజులు పట్టింది. మెసేజ్ ఫోన్‌కు వచ్చేలోపే మనిషి పోయిన ఇళ్లు మనకందరికీ తెలుసు. అందువల్ల లెక్క తప్పడం అన్ని నెలల్లో ఒకే పాళ్లలో ఉండదు. చావులు ఎక్కువైనకొద్దీ లెక్కకు రానివి ఇంకా ఎక్కువవుతాయి. మామూలు రోజుల్లో పదిమందిలో ఐదుగురు లెక్కకు అందితే, ఉధృతి ఉన్నప్పుడు ఒకరో ఇద్దరో అందుతారు. అధికారిక అంకెను ఏ రెండుతోనో మూడుతోనో గుణిస్తే నిజం వస్తుందనుకోవడం అందుకే పొరపాటు. మొత్తం సంఖ్యే గాక, మహమ్మారి ఎప్పుడు ఎంత ఎత్తుకు లేచిందన్న గీత కూడా వంకర పోతుంది. వంద పరీక్షల్లో ఎన్ని పాజిటివ్ వస్తున్నాయన్నదే ఇక్కడ మనకు దొరికే హెచ్చరిక. ఆ రేటు 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే సూచించింది. అది ఇరవై, ముప్పై శాతం దాటిందంటే కేసుల్ని వెతకడం ఆగిపోయిందని, తలుపు తట్టినవారికే పరీక్ష అందుతోందని అర్థం.

ఎవరికి పరీక్ష అందలేదన్నది అంతకన్నా ముఖ్యం. జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని, టైఫాయిడ్ అన్నారని మాత్రలు వాడి, అయిదో రోజో ఆరో రోజో ఆయాసం వచ్చాక ఆటోలో పట్నానికి బయలుదేరి దారిలో పోయిన మనిషికి ముక్కులో పుల్ల పెట్టినవారు లేరు. ఇల్లు కదలలేని ముసలివాళ్లు, ఒక రోజు కూలి వదులుకోలేనివాళ్లు, పాజిటివ్ అంటే వీధి వెలేస్తుందని భయపడినవాళ్లు, దగ్గర్లో పరీక్షా కేంద్రం లేని గూడేలవాళ్లు లెక్క బయటే ఉండిపోయారు. ఇలా తప్పిన లెక్కలో పట్నంవారి చావులు, ఆసుపత్రిదాకా వెళ్లగలిగినవారి చావులు ఎక్కువగా కనిపిస్తాయి. దాన్నే నమ్మి ఆక్సిజన్, మందులు, టీకాలు పంచితే, ఎక్కువ నష్టపోయినచోటికే తక్కువ చేరతాయి.

పరీక్ష జరిగినా సమస్య తీరదు. ఆర్‌టీపీసీఆర్ పరీక్ష వెతికేది వైరస్ ఆనవాళ్లను. ఒంట్లో వైరస్ తగ్గిపోయాక కూడా ఊపిరితిత్తుల వాపు ముదురుతూనే ఉంటుంది. రెండో వారంలో తీసిన శాంపిల్ నెగెటివ్ రావచ్చు, అదే రోజు తీసిన సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు రెండూ తెల్లబడి ఉండవచ్చు. రక్తం గడ్డకట్టి గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోయినవారు, నెగెటివ్ వచ్చి ఇంటికెళ్లాక నల్ల ఫంగస్‌తో పోయినవారు కూడా ఉన్నారు. వీళ్లందరి చావుకూ మొదలు ఒక్కటే. కాగితం మీద మాత్రం కారణాలు వేరు.

ఆ కాగితాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఆసుపత్రిలో మనిషి పోతే డాక్టరు నింపేది ఫారం 4. ఆసుపత్రి బయట పోతే, చూసిన డాక్టరు నింపవలసింది 4ఎ. అందులో మొదటి భాగంలో మూడు గీతలుంటాయి. మొదటి గీత మీద నేరుగా ప్రాణం తీసిన స్థితి రాయాలి. రెండో గీత మీద దానికి కారణం. మూడో గీత మీద ఈ వరుస అంతటినీ మొదలుపెట్టిన మూల కారణం. ఒక్కో దానికి ఎదురుగా అది మొదలై ఎన్ని రోజులైందో రాయాలి. రెండో భాగంలో షుగరు, బీపీ వంటి తోడు జబ్బులు రాయాలి. కొవిడ్ మరణమైతే మొదటి గీత మీద తీవ్ర శ్వాసకోశ వైఫల్యం, రెండో గీత మీద న్యుమోనియా, మూడో గీత మీద కొవిడ్-19 ఉండాలి. పరీక్ష కాగితం లేనప్పుడు ఆ మూడో గీత ఖాళీగా మిగిలేది. చాలా ఫారాల్లో మొదటి గీత మీద గుండె, శ్వాస ఆగిపోయాయని మాత్రమే రాసి సంతకం పెట్టేస్తారు. చనిపోయిన ప్రతి మనిషికీ గుండె, శ్వాస ఆగుతాయి. అది మరణ కారణం ఎలా అవుతుందని మాస్టారు ప్రతి బ్యాచ్‌నూ నిలదీసేవారు.

నిబంధనలు మాత్రం సరిగానే ఉన్నాయి. పరీక్షలో తేలిన కొవిడ్‌కు యూ07.1 అనీ, పరీక్ష లేకున్నా లక్షణాలను బట్టి అనుమానించిన కొవిడ్‌కు యూ07.2 అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు కోడ్‌లు ఇచ్చింది. 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా ఆ రెండు కోడ్‌లనూ వివరిస్తూ మన డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే పరీక్ష లేని మరణాన్ని కూడా విడిగా లెక్కించే దారి మొదటి నుంచీ ఉంది. న్యూయార్క్ నగరం ఆ దారే పట్టింది. 2020 ఏప్రిల్ 14న, పరీక్ష జరగకున్నా కొవిడ్ వల్లే పోయి ఉంటారని డాక్టర్లు రాసిన 3,700 పైచిలుకు మరణాలను తన లెక్కకు కలిపింది. మన రోజువారీ బులెటిన్‌లో మాత్రం పాజిటివ్ కాగితం ఉన్న మరణాలకే చోటు దొరికింది. వీటన్నిటికీ తోడు, 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. మిగిలినవారు ఎందుకు పోయారో రిజిస్టరుకు తెలియదు.

చనిపోయాక పరీక్ష చేస్తే ఏం తేలుతుంది? ఆఫ్రికాలోని జాంబియా దేశంలో ఈ పని చేసి చూపించారు. కొవిడ్ ఆఫ్రికాను పెద్దగా తాకలేదని అందరూ అనుకుంటున్న రోజులవి. 2020 జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాజధాని లుసాకాలోని యూనివర్సిటీ బోధనాసుపత్రి మార్చురీకి వచ్చిన దేహాల్లో 364 మందికి, మరణించిన 48 గంటల్లోపు, ముక్కు నుంచి శాంపిల్ తీశారు. 70 మందిలో వైరస్ కనిపించింది. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. ఆ 70 మందిలో 51 మంది ఇళ్లలోనో దారిలోనో పోయినవారు. వారిలో ఒక్కరికి కూడా బతికి ఉండగా పరీక్ష జరగలేదు. ఆసుపత్రిలో పోయిన 19 మందిలో పరీక్ష జరిగింది ఆరుగురికి. వైరస్ ఆ నగరంలోనే తిరుగుతోంది, మనుషుల్ని తీసుకుపోతోంది. పరీక్ష లేదు కనుక అది లేదనుకున్నారు.

మన దగ్గర ఈ చర్చ కోర్టుదాకా వెళ్లింది. 2020 మేలో తెలంగాణ హైకోర్టు, ఆసుపత్రుల్లో చనిపోయినవారి దేహాలకు పరీక్ష చేశాకే అప్పగించాలని ఆదేశించింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే జూన్‌లో ఆ ఆదేశంపై స్టే వచ్చింది. కిట్లు చాలని రోజుల్లో బతికున్నవారికే ముందు పరీక్ష అన్న వాదనను తోసిపారేయలేం. ప్రతి దేహానికీ కుదరకపోతే, లుసాకాలో చేసినట్టు కొన్ని మార్చురీల్లో నమూనాగా చేసి ఉన్నా మనకు చాలా తెలిసేది.

ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో జనన మరణాల నమోదు సమాచారం నుంచి పాత్రికేయులు వెలికి తీశారు. మే నెలలో ఆ రాష్ట్రంలో మామూలుగా నమోదయ్యే మరణాలు సుమారు 27 వేలు. 2021 మేలో దాదాపు 1 లక్షా 30 వేలు నమోదయ్యాయి. అదే నెలలో బులెటిన్లు చూపించిన కొవిడ్ మరణాలు మూడు వేల లోపు. ఆ నెలలో ప్రతి ఊరికీ తెలిసిన విషయం రాష్ట్రం లెక్కకు మాత్రం తెలియలేదు.

లెక్క తప్పితే ఏం పోయిందని అడిగేవారికి పరిహారం కథ చెప్పాలి. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు, కొవిడ్ మృతుల కుటుంబాలకు సాయం అందించేందుకు మార్గదర్శకాలు రూపొందించమని ఆదేశించింది. దాంతో 50 వేల రూపాయల సాయం ఖరారైంది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు మరణిస్తే కొవిడ్ మరణంగా గుర్తించాలన్నారు. మరణ ధ్రువీకరణ పత్రంలో కొవిడ్ అని లేదన్న ఒక్క కారణంతో సాయం నిరాకరించరాదని అక్టోబరు 4న కోర్టు స్పష్టం చేసింది. 2022 జనవరి నాటికి తెలంగాణ అధికారిక కొవిడ్ మరణాలు నాలుగు వేల లోపు ఉంటే, సాయం కోసం వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు పద్నాలుగున్నర వేలైతే దరఖాస్తులు 36 వేలు. గుజరాత్‌లో మరణాలు పది వేలైతే దరఖాస్తులు 90 వేలకు దగ్గరగా వచ్చాయి. గుజరాత్ ప్రభుత్వమే తన అధికారిక లెక్కను మించి ఎన్నో రెట్ల దరఖాస్తులను ఆమోదించింది. అయినా ఇంట్లోనే, ఏ పరీక్షా లేకుండా పోయినవారి భార్యాబిడ్డలు చూపించడానికి ఒక్క కాగితం కూడా లేక అర్జీ పెట్టకుండానే ఆగిపోయారు. లెక్కలో లేని మరణానికి సాయం కూడా లేదు.

పరీక్ష లేనప్పుడు చావుల్ని లెక్కించే విద్య కొత్తదేమీ కాదు. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఆ నగరపు మరణాల పట్టీలను ముందేసుకుని కూర్చున్నాడు. 1625 ప్లేగు ఏడాదిలో 54,265 మందిని పాతిపెట్టారు. అందులో ప్లేగు అని రాసినవి 35,417. మిగతా 18,848 వేరే జబ్బుల కింద ఉన్నాయి. మామూలు ఏడాదుల్లో ఆ వేరే జబ్బులన్నీ కలిపి ఏడెనిమిది వేలకు మించవు. ప్లేగు వచ్చిన ఏడాదే మిగతా జబ్బులన్నీ ఒక్కసారిగా ఎందుకు పెరుగుతాయని గ్రాంట్ ప్రశ్నించుకున్నాడు. ప్లేగు అని తేలితే ఇల్లు మూసేసి లోపలివారిని బయటికి రానివ్వని రోజులవి. ఇంటివారు జబ్బు పేరు దాచారు. ప్లేగుతో పోయినవారు రాసినదానికన్నా మరో నాలుగోవంతు ఎక్కువ ఉంటారని ఆయన తేల్చాడు. ఇవాళ మనం అదనపు మరణాలు అంటున్న లెక్కకు పునాది అదే. మామూలుగా ఎంతమంది పోతారు, ఈసారి ఎంతమంది పోయారు, తేడా ఎంత? దీనికి ల్యాబు అక్కర్లేదు. రిజిస్టరు చాలు.

1918 ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మందిని తీసుకుపోయిందని చరిత్రకారులు చెప్పగలుగుతున్నారు. ఆనాడు పరీక్ష అన్నదే లేదు. ఆ వైరస్‌ను మనిషి నుంచి వేరు చేసి గుర్తించింది 1933లో. అయినా గ్రామాధికారులు రాసిన చావుల పద్దుల్లో జ్వరాల గడి ఒక్కసారిగా నిండిపోయింది. 1921 జనగణనలో జనాభా పదేళ్ల కిందటికన్నా తగ్గినట్టు తేలింది. అరకొర రిజిస్టర్లే అయినా నిజాన్ని దాచలేదు. పరీక్ష అందుబాటులోకి వచ్చాక దాని మీదే ఆధారపడడం వల్ల ఎలాంటి నష్టమో 2009 స్వైన్ ఫ్లూ చూపించింది. ప్రపంచంలో ల్యాబు ధ్రువీకరించిన మరణాలు సుమారు 18,500. తరవాత పరిశోధకులు వేసిన అంచనా 2,84,500. ఆ అంచనాకు అటూ ఇటూ హద్దులు చాలా వెడల్పైనవే. అయినా కింది హద్దు కూడా లక్షన్నర దాటింది. ఆ మరణాల్లో సగానికి పైగా ఆగ్నేయాసియా, ఆఫ్రికా ప్రాంతాలవే.

అదనపు మరణాలన్నీ వైరస్ చేసినవని నేను అనడం లేదు. డయాలసిస్ అందక పోయినవారు, గుండెపోటు వచ్చినా బెడ్ దొరక్క పోయినవారు అందులో ఉన్నారు. లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గి కొన్ని ప్రాణాలు నిలిచాయి, అది అదనపు మరణాల లెక్కను కిందికి లాగుతుంది. నమోదు పూర్తిగా లేని రాష్ట్రాల్లో మామూలు ఏడాది అంకె మీదే నమ్మకం చాలదు. అందుకే అదనపు మరణాల లెక్క పక్కన, ఇంటింటికీ వెళ్లి చివరి రోజుల్లో ఏం జరిగిందో కుటుంబసభ్యుల్ని అడిగి కారణం నిర్ధారించే పద్ధతి కూడా ఉండాలి. ప్రభాత్ ఝా, రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం కలిసి పది లక్షల మరణాల అధ్యయనంలో చేసింది ఇదే. జ్వరం ఎన్నాళ్లుంది, ఆయాసం ఎప్పుడు మొదలైంది, వాసన తెలిసిందా, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది అని అడిగితే ఇంటివారు చెబుతారు. మన ఆశా కార్యకర్తలు ఈ ప్రశ్నలు అడగగలరు.

తప్పిన లెక్కను దిద్దుకోవడం అవమానం కాదని పెరూ దేశం చూపింది. ఆ ప్రభుత్వం నిపుణుల బృందాన్ని వేసి, 2021 మే 31న తన కొవిడ్ మరణాల సంఖ్యను 69,342 నుంచి 1,80,764కు సవరించింది. ఒక్కరోజులో రెండున్నర రెట్లకు పైగా. జనాభాతో పోలిస్తే ప్రపంచంలోనే అత్యధిక మరణాల దేశంగా పేరు పడుతుందని తెలిసీ ఆ పని చేసింది. దాని వల్ల ఆ దేశానికి పరువు తక్కువేమీ కాలేదు.

మనం చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. జిల్లాలవారీగా అన్ని కారణాల మరణాల సంఖ్యను నెలనెలా, తరవాతి నెలలోనే ప్రభుత్వాలు ప్రకటించాలి. నాలుగేళ్ల తరవాత వచ్చే అంకె చరిత్రకు పనికొస్తుంది గానీ రోగికి పనికిరాదు. పరీక్ష లేకుండా లక్షణాలతో పోయినవారిని అనుమానిత మరణాలుగా విడి గడిలో చూపించాలి. ప్రతి జిల్లాలో కొన్ని మార్చురీల్లో మామూలు రోజుల్లో కూడా నమూనా పరీక్షలు జరగాలి. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం, ప్రతి ఆసుపత్రీ మరణ కారణ పత్రాన్ని రిజిస్ట్రారుకు ఇవ్వాలని, దాని ప్రతిని దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలని చెబుతోంది. అది తమ హక్కని ప్రజలకు తెలియాలి, వారు అడిగి తీసుకోవాలి. ఇంట్లో జరిగిన మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించడం కుటుంబాల బాధ్యత. ఇంటికి వెళ్లి మరీ నమోదు చేసుకోవడం పంచాయతీ కార్యదర్శుల బాధ్యత.

ఇక్కడ కూర్చున్న వైద్య విద్యార్థులకు ఒక్క మాట. పరీక్ష రోగానికి పేరు పెట్టడానికి, చికిత్స చేయడానికి, అంటువ్యాధిని కట్టడి చేయడానికి అవసరం. పోయిన మనిషిని లెక్కలోకి తీసుకోవడానికి దాన్ని షరతుగా పెట్టకూడదు. రేపు మీ ముందుకు ఫారం 4 వస్తుంది. రాత్రి డ్యూటీ చివర, నిద్రముఖంతో, బయట బంధువులు ఏడుస్తుండగా వస్తుంది. అప్పుడు కూడా రోగి చరిత్ర అడిగి, మీ బుద్ధికి తోచిన మూల కారణాన్ని మూడో గీత మీద రాయండి. పరీక్ష జరగకపోతే జరగలేదని రాయండి, అనుమానం ఉంటే అనుమానమని రాయండి. ఖాళీగా మాత్రం వదలకండి.